పండక్కి ఊరెళ్తూ కుక్కను మాకు అప్పగించే వారికి బహిరంగ లేఖ

సంక్రాంతికి ఊరెళ్తూ ఇంటి కుక్కను మాలాంటి వాళ్ళ దగ్గర విడిచి వెళ్ళే యజమానులకు, ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న సాటివారికి,

నమస్కారం.

నేను హైదరాబాదులోని సైనిక్‌పురిలో, చుట్టూ ప్రహరీ ఉన్న కింది అంతస్తు ఇంట్లో, తొమ్మిదేళ్ళుగా ఇతరుల కుక్కలను రోజుల లెక్కన చూసుకుంటున్నాను. డిసెంబరు రెండో వారం వచ్చిందంటే నా ఫోను ఊరుకోదు. వెళ్ళే ఊరు విజయవాడ కావచ్చు, భీమవరం కావచ్చు, రాజమండ్రి కావచ్చు, అడిగే మొదటి ప్రశ్న మాత్రం "రోజుకు ఎంత తీసుకుంటారు?" అన్నదే. కుక్క ఎలాంటిదని నేను తిరిగి అడిగితే వచ్చే జవాబు కూడా ఇన్నేళ్ళుగా మారలేదు: "మావాడు బంగారమండీ, మీకు ఏ ఇబ్బందీ ఉండదు." ఈ లేఖ ఆ జవాబు గురించి.

బంగారం కాని కుక్కను కూడా నేను తీసుకుంటాను. కరిచేదాన్ని, మూర్ఛ వచ్చేదాన్ని, టపాకాయ పేలితే మంచం కింద దూరి మర్నాటి దాకా బయటికి రానిదాన్ని, పక్క కుక్క గిన్నె మీదికి దూకేదాన్ని, అన్నిటినీ ఇన్నేళ్ళలో చూసుకున్నాను. ముందే చెబితే ప్రతి దానికీ ఒక ఏర్పాటు ఉంటుంది, దాచిన దానికే ఉండదు. దాచేవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనుకోను. చెబితే తీసుకోరేమోనన్న భయం కొంత, బస్సు టిక్కెట్లు కొనేశామన్న తొందర కొంత, ఇంట్లో బిడ్డలా పెంచుకున్నదాన్ని పరాయివాళ్ళ ముందు తక్కువ చేసి చెప్పడానికి నోరు రాకపోవడం కొంత ఉంటాయి. పెళ్ళిచూపుల్లో అబ్బాయి గురించి చెప్పినట్టు చెబుతారు. పెళ్ళి అయితే సర్దుకుపోవడానికి ఏళ్ళు ఉంటాయి, నాకు ఉండేది ఐదు రోజులే.

రెండేళ్ళ కిందటి భోగి రాత్రి జరిగింది చెబుతాను. ఐదేళ్ళ లాబ్రడార్ ఒకటి వచ్చింది. దాని సంచిలో గిన్నె, దుప్పటి, తాడు బొమ్మ, ఒక చిన్న కవరులో సగానికి విరిచిన తెల్ల మాత్రలు ఉన్నాయి. "విటమిను మాత్రలండీ, తింటే వేయండి, తినకపోతే వదిలేయండి" అన్నారు. రెండో రోజు అది పెరుగన్నమంతా తిని, మాత్రను మాత్రం శుభ్రంగా నాకి గిన్నె అంచున వదిలేసింది. విటమినే కదా అని నేనూ బలవంతపెట్టలేదు. మూడో రోజూ అంతే. ఆ రాత్రి రెండు దాటాక హాల్లో గోళ్ళు గచ్చును గీరుతున్న చప్పుడుకు లేచి చూస్తే, పక్కకు పడిపోయి, నాలుగు కాళ్ళతో నీళ్ళలో ఈదుతున్నట్టు కొట్టుకుంటోంది. దవడలు టకటకమంటున్నాయి, కింద మూత్రం మడుగు కట్టింది. లైటు చూసి పరుగెత్తుకొచ్చిన పక్కింటి వాచ్‌మన్, పాపం, మంచి మనసుతోనే తాళాల గుత్తి తెచ్చి దాని పంజాకు ఆనించబోయాడు. ఆయన్ను ఆపి, లైటు తీసేసి, తలకు తగిలేలా ఉన్న కుర్చీని లాగేసి, గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలకు ఆగింది. నా జీవితంలో అంత పొడుగైన నాలుగు నిమిషాలు మరి లేవు.

తెల్లవారాక పశువైద్యుడు మాత్ర ముక్కను చేతిలోకి తీసుకుని అది ఫినోబార్బిటాల్ అన్నారు. మూర్ఛకు వాడే మందు అది, రోజూ ఒకే వేళకు పడాలి, ఉన్నట్టుండి ఆపితే అంతవరకు అదుపులో ఉన్న మూర్ఛే విరుచుకుపడుతుంది. అంటే ఆ రాత్రి కుక్క పడిన బాధకు సగం కారణం జబ్బు, సగం ఆ "విటమిను" అన్న మాట. యజమానికి మధ్యాహ్నానికి గాని ఫోను కలవలేదు. కలిశాక ఆయన అన్నది ఒకటే: "చెబితే మీరు తీసుకోరేమోనని." తీసుకునేదాన్ని. మాత్రను పెరుగన్నంలో కాకుండా కాస్త జున్నులోనో ఉడికిన కోడిగుడ్డులోనో దాచి, మింగిందని చూశాకే లేచేదాన్ని.

కాబట్టి మందుల విషయంలో నా మొదటి విన్నపం ఇది. మందును విడి కవరులో కాకుండా దాని అట్టతోనే, వైద్యుడు రాసిన చీటీతోనే ఇవ్వండి. ఎన్ని గంటలకు, ఎంత, తినక ముందా తిన్నాకా, ఒక పూట తప్పితే ఏం చేయాలి అన్నవి తెలుగులో మీ చేతితో రాసి ఇవ్వండి. ఉండే రోజులకు సరిపడా కాదు, ఇంకో మూడు రోజులకు ఎక్కువ ఇవ్వండి. మధుమేహం ఉన్న కుక్క అయితే ఇన్సులిన్‌తో పాటు దాని సిరంజీలూ మీరే తేవాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఒక సిరంజి, 100 యూనిట్లుండే సీసాకు వేరొక సిరంజి ఉంటాయి. 100 మందును 40 సిరంజితో, గీత చూసి తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. మందుల దుకాణంలో అడిగితే ఏది చేతికి అందితే అది ఇస్తారు.

మూర్ఛ వచ్చినప్పుడు కొత్తవాళ్ళు చేసే తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. నాలుక మింగేస్తుందేమోనని నోట్లో వేలు పెట్టకూడదు. కుక్క నాలుక మింగదు, మీ వేలు మాత్రం మిగలదు. గది చీకటి చేయండి, చుట్టూ ఉన్నవి తీసేయండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక కరవడం సంగతి. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి చేతికి కుట్లు వేయించుకున్న వాళ్ళు మా పనిలో ఉన్నారు. గుర్రుమనే కుక్క నిజానికి మనకు ఉపకారమే చేస్తుంది, దగ్గరికి రావద్దని ముందే చెబుతుంది. గుర్రుమన్నప్పుడల్లా కొట్టి, తిట్టి ఆ అలవాటు మాన్పించిన కుక్కలున్నాయి చూడండి, అవే చెప్పకుండా కరిచేవి. మీ కుక్క ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా, పళ్ళు ఆనించి వదిలేసిందా, తింటున్నప్పుడు దగ్గరికి వెళితే బిగుసుకుపోతుందా, చెవి ముట్టుకోనిస్తుందా, హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూస్తే ఏం చేస్తుంది అన్నవి చెప్పండి. "ఒక్కసారే, అదీ చిన్నప్పుడు" అన్నా చెప్పండి. ఆ ఒక్కసారి ఎందుకు కరిచిందో తెలిస్తే రెండోసారి ఆ పరిస్థితి రాకుండా చూడవచ్చు. మూతికి చిక్కం కట్టే అలవాటు ఇంట్లోనే, తిండి ఆశ చూపి, రోజుకు ఐదు నిమిషాల చొప్పున నేర్పి పంపితే ఎంతో మేలు. ఆసుపత్రి బల్ల మీద నొప్పితో ఉన్నప్పుడు దాన్ని మొదటిసారి కట్టడం కంటే కష్టమైన పని లేదు.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో తిండి పార్సిలు ఇవ్వడానికి వెళ్ళిన యువకుడు, ఆ ఇంటి కుక్క మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి, ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ వార్త చదివినప్పటి నుంచి మా ఇంటికి పార్సిలు తెచ్చే ఎవరినీ గేటు దాటి లోపలికి రానివ్వను. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను, జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా చూడటంలో నిర్లక్ష్యం చేసిన వారికి ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చునంటుంది. ఆ సెక్షను యజమాని అని అనదు, జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వారు అంటుంది. సంక్రాంతి ఐదు రోజులూ అది నా స్వాధీనమే. మీరు దాచిన నిజానికి కోర్టులో జవాబు చెప్పుకోవలసింది నేనవుతాను.

కరిస్తే ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ తెలియాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఏదీ పెట్టకూడదు. పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడగాలి. పావుగంట అంటే నిజంగా పదిహేను నిమిషాలు. ఆ తరువాత అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. నగరంలో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు, నల్లకుంట ఫీవరాసుపత్రికి జనం వెళ్ళేది ఇందుకే. కరిచింది ఇంటి కుక్కే, టీకాలు వేసిందే అని డాక్టరుకు చూపించకుండా ఊరుకోకూడదు. కుక్కను పది రోజులు గమనిస్తూ ఉండాలి, మనిషికి సూదులు మాత్రం మొదలుపెట్టాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం లేదనే చెప్పాలి. ఈ పని చేసే సాటివారికి ఇంకో మాట: మనం కరవక ముందే మూడు మోతాదుల టీకా వేయించుకోవచ్చు. నేను వేయించుకున్నాను. దానివల్ల కరిచాక సూదులే అక్కర్లేదని కాదు, రెండింటితో సరిపోతుంది. వచ్చే ప్రతి కుక్కకూ రేబిస్ టీకా ఏడాది లోపు వేసినట్టు పుస్తకం చూశాకే గేటు తీస్తాను. పుస్తకం ఇంట్లో మరచిపోయామన్న వాళ్ళను వెనక్కి పంపి తెప్పించిన రోజులున్నాయి, తిట్టుకున్నారు కూడా.

తిండి గురించి మన వాళ్ళు చెప్పే గొప్ప ఒకటుంది: "మావాడు మేం తినేదే తింటాడండీ." పండగ పూట ఆ మాట వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. మనం తినేది అంటే ఉల్లిపాయ వేసిన గారె, కిస్‌మిస్ వేసిన పాయసం, నూనె కారే అరిసె, కనుమనాటి నాటుకోడి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కల మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లోనే పాడుచేస్తాయి. ఏ కుక్కకు ఎన్ని పండ్లు తింటే ముప్పో ముందుగా చెప్పలేం. ద్రాక్షలో ఆ పని చేసేది టార్టారిక్ ఆమ్లమని 2021లో అమెరికాలోని పశువైద్య విష నిపుణులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం దండిగా ఉండేది మన చింతపండులో. అందుకని పులిహోర, చారన్నం, పప్పుచారు కుక్క గిన్నెలో వేయకండి. తెలుగిల్లు కాబట్టి ఈ సంగతి చాకొలెట్ కంటే ముందు చెబుతున్నాను. ఉడికించిన ఎముక పచ్చిదానిలా ఉండదు, సూదుల్లా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. చక్కెర లేని చూయింగ్‌గమ్‌లో వాడే జైలిటాల్ చిన్న మోతాదులోనే రక్తంలో చక్కెరను పడదోస్తుంది.

నా ఇంటి తప్పు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మా అత్తగారు మడిగా వండిన గారెను, "పండగ పూట నోరు లేనిదానికి పెట్టకుండా ఎలా తింటామే" అంటూ ఒక పగ్ నోటికందించారు. అందులో ఉల్లి లేదు, అదృష్టం. కానీ అంత నూనెకు దానికి రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, రాత్రంతా తుడిచింది నేను. ఇప్పుడు వంటింటి గుమ్మానికి అడ్డంగా చెక్క పలక ఉంది. అత్తగారికి నా మీద ఇంకా కోపం ఉంది.

మీరు చేయవలసినది చిన్నది. కుక్క రోజూ తినేదేదో అదే, కొలిచి, రోజుకొక పొట్లం చొప్పున కట్టి ఇవ్వండి. కొత్త తిండికి మార్చాలంటే పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజులు పడుతుంది, నా దగ్గర ఉండేది అంతకంటే తక్కువ. దొంగతనంగా ఏం తింటుందో కూడా చెప్పండి. ఒక డాల్మేషియన్ సాక్సులు మింగుతుందని దాని యజమాని సిగ్గుపడుతూ చివర్లో చెప్పారు. ఆ చివరి మాట కోసమే ఆమెకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఐదు రోజులూ మా ఇంట్లో ఒక్కరం కూడా మేజోళ్ళు విప్పి నేల మీద పడేయలేదు.

పిడుదుల గురించి క్లుప్తంగా. పిడుదు కుక్క మీద కంటే గోడ పగుళ్ళలో ఎక్కువ కాలం ఉంటుంది, ఒక్కొక్కటి వేల గుడ్లు పెడుతుంది, నాలుగు కుక్కలు వచ్చే ఇంట్లో ఒక కుక్క తెచ్చినది నలుగురికీ అంటుతుంది. పిడుదు జ్వరం కరిచిన రోజే కనబడదు, అందులో ఒక రకమైన ఎర్లీకియా అయితే 8 నుంచి 20 రోజులు పడుతుంది. అందువల్ల పండగ అయిన పది రోజులకు జ్వరం వస్తే మీరు నన్ను అంటారు, వచ్చిన రెండో రోజే జ్వరం వస్తే నేను మిమ్మల్ని అంటాను. ఇద్దరం గొడవపడకుండా ఉండాలంటే తీసుకొచ్చే ముందే మందు వేసిన తేదీ రాసి ఇవ్వండి, నేను మీ ముందే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో చూస్తాను, కోపగించుకోకండి. నట్టల మందు తేదీ కూడా అలాగే. టీకాలు పూర్తికాని పిల్లను మాత్రం దయచేసి తేకండి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, పిల్ల పోతే మీకూ నాకూ ఎవరికీ ఓదార్పు ఉండదు.

ఆడకుక్క ఎదకు వచ్చిన సంగతి చెప్పడానికి కొందరు మొహమాటపడతారు, ముఖ్యంగా మగవాళ్ళు ఫోను చేసినప్పుడు. మొహమాటం వద్దు. కిందటిసారి ఎప్పుడు వచ్చిందో నెల చెబితే చాలు, ఆరేడు నెలల లెక్కన నేను చూసుకుంటాను. మూడు వారాల పాటు ఆ కుక్కకు వేరే గది, వేరే నడక వేళ కావాలి. చెప్పకుండా తెచ్చారనుకోండి, నా గేటు ముందు వీధి కుక్కలన్నీ సభ పెడతాయి, ఇంకో 63 రోజులకు మీ ఇంట్లో పురుడు.

ఇన్నీ చెప్పినా కుక్క కొత్తచోట ఎలా ఉంటుందో మీకు కూడా తెలియదు. అందుకే పండక్కి కనీసం రెండు వారాల ముందు ఒక రాత్రి తెచ్చి వదలమని అడుగుతాను. దాదాపు అందరూ "అక్కర్లేదండీ" అంటారు, వచ్చిన కొద్దిమంది మళ్ళీ మళ్ళీ వస్తారు. ఆ ఒక్క రాత్రిలో చాలా తెలుస్తుంది: ఎక్కడ పడుకుంటుంది, తలుపు దగ్గర ఎంతసేపు కూర్చుంటుంది, మిక్సీ చప్పుడుకు ఏం చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మర్నాడు మీరు తిరిగి వస్తారన్న సంగతి దానికి అనుభవంలోకి వస్తుంది. సంచిలో ఉతకని పాత దుప్పటి పెట్టండి, మీ వాసన దానికి కావాలి. గేటు దగ్గర కౌగిలించుకుని అరగంట ఏడవకండి. మామూలుగా ఆఫీసుకు వెళ్ళినట్టు వెళ్ళండి. మొదటి రోజు తినకపోతే కంగారు పడను, నీళ్ళు తాగుతోందా అని చూస్తాను. రెండో రోజు కూడా ముట్టకపోతే మీకు ఫోను చేస్తాను, పిల్లలూ మధుమేహం ఉన్నవీ అయితే ఒక పూటకే చేస్తాను.

ఇప్పుడు నా సాటివారితో. యజమానులను నిజం చెప్పమని అడిగే హక్కు మనకు ఉండాలంటే మనం కూడా చెప్పాలి కదా. నాలుగేళ్ళ కిందట నేను చెప్పలేదు. నీళ్ళ క్యాను తెచ్చిన అబ్బాయి గేటు జారవేసి వెళ్ళాడు, ఒక బీగిల్ ఆ సందులోంచి జారుకుంది. మెడపట్టీ కూడా లేదు, స్నానం చేయించి అప్పుడే తీసి పక్కన పెట్టాను. యాభై నిమిషాలు వెతికాం, చివరికి చికెన్ దుకాణం వెనకాల బుట్టల మధ్య, ఒళ్ళంతా ఈకలతో, జీవితంలో ఎన్నడూ లేనంత ఆనందంగా కనబడింది. తెచ్చి మళ్ళీ స్నానం చేయించి, సోఫా మీద కూర్చోబెట్టి ఫోటో తీసి, "హాయిగా ఉంది" అని పంపాను. రెండు రోజులు అలాగే పంపాను. మూడో రోజు నిద్ర పట్టక దాని యజమానురాలికి చెప్పాను. ఆవిడ అరవలేదు. "గేటు సంగతి వదిలేయండి, ఈ రెండు రోజులూ మీరు పంపిన ఫోటోలు ఎలా నమ్మను?" అన్నారు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆ నెలలోనే గేటు లోపల ఇంకో జాలీ గేటు పెట్టించాను. ఒకటి మూశాకే రెండోది తీయాలి, ఇంటివాళ్ళమైనా సరే. మెడపట్టీ రాత్రి కూడా తీయను. దాని బిళ్ళ మీద యజమాని నంబరుతో పాటు నా నంబరు కూడా ఉండాలి, ఎందుకంటే కుక్క సైనిక్‌పురిలో తప్పిపోయిన వేళకు ఆయన విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర వరసలో ఉంటాడు. మైక్రోచిప్పు ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది ఎక్కడుందో చెప్పే పరికరం కాదు, చర్మం కింద ఉన్న పదిహేను అంకెల సంఖ్య మాత్రమే, చదివే యంత్రం ఉన్న చోటికి ఎవరైనా తీసుకెళితేనే పలుకుతుంది. వేయించడం మంచిదే. ఆ సంఖ్యకు ఎదురుగా నమోదైన ఫోను నంబరు పాతదై ఉండకుండా చూసుకోండి.

ఎన్ని కుక్కలు తీసుకోవాలన్నది ఎవరి ఇంటిని బట్టి వాళ్ళది. నేను నాలుగు దాటను. పండగ డిమాండు చూసి పది పన్నెండు తీసుకునే వాళ్ళను ఎరుగుదును. పన్నెండు గిన్నెలు పెట్టవచ్చు, ఏ గిన్నె ఖాళీ కాలేదో చూడటం మాత్రం ఒక మనిషి వల్ల కాదు. తిండి ఎప్పుడూ విడివిడి గదుల్లో పెట్టండి. స్నేహంగా ఆడుకునే రెండు కుక్కలు ఎముక ముక్క దగ్గర బద్ధశత్రువులవుతాయి, విడదీయడానికి మధ్యలో చేయి పెట్టిన మనిషే ఎక్కువ నష్టపోతాడు. బకెట్టు నీళ్ళు కుమ్మరించండి, పెద్ద పలక అడ్డం పెట్టండి.

సొంత వైద్యం చేయకండి. కుక్క ఒళ్ళు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మన చేతికి జ్వరంలా తగులుతుంది. అది చూసి ఇంట్లోని పారాసిటమాల్ వేసిన వాళ్ళున్నారు, ఐబూప్రోఫెన్ వేసిన వాళ్ళూ ఉన్నారు. మొదటిది మోతాదు దాటితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రెండోది కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది. థర్మామీటరు కొనండి, 104 దాటితే ఆసుపత్రికి వెళ్ళండి. వేసవి సెలవుల్లో వచ్చే హస్కీలు, పగ్‌లు, షిట్‌జూల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సిమెంటు దారి మీద మీ అరచేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు. వడదెబ్బ తగిలిందనిపిస్తే నీడలో పడుకోబెట్టి, మామూలు చల్లని నీళ్ళతో ఒళ్ళంతా తడిపి ఫ్యాను పెట్టి, అప్పుడు ఆసుపత్రికి బయలుదేరండి. పంటి చిగుళ్ళు చూడటం అలవాటు చేసుకోండి. వచ్చిన రోజు గులాబీ రంగులో ఉన్నవి ఒక రోజు తెల్లగా పాలిపోయాయంటే, కారణం తెలియకపోయినా సరే, వైద్యుడికి చూపించాలి.

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలు, అంటే జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్, డాబర్‌మన్ లాంటివి, తిన్న వెంటనే పరుగెత్తి, తరువాత పొట్ట తప్పెటలా ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాక అటూఇటూ తిరుగుతుంటే అది అజీర్తి కాదు. కడుపు మెలిపడింది. సోడా తాగించి చూద్దామనుకునే వ్యవధి ఉండదు, కొన్ని గంటల్లో ఆపరేషను కావాలి. ఇక్కడే మళ్ళీ యజమానుల వైపు తిరుగుతున్నాను. ఆపరేషనుకు సంతకం ఎవరు పెట్టాలి, డబ్బు ఎంత దాకా అడగకుండా ఖర్చు చేయవచ్చు, మీ ఫోను కలవకపోతే ఎవరిని అడగాలి? ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. నగరంలో ఉండిపోయే ఒక బంధువు పేరో స్నేహితుడి పేరో తప్పకుండా ఇవ్వండి, ఆయనకు కూడా ఆ సంగతి చెప్పి మరీ ఇవ్వండి. ముసలి కుక్క అయితే, చెప్పడానికి కష్టంగానే ఉంటుంది గాని, పరిస్థితి చేయిదాటితే ఎంతవరకు ప్రయత్నించమంటారో అది కూడా రాయండి. ఒకసారి పద్నాలుగేళ్ళ పొమరేనియన్ యజమాని ఆ వాక్యం రాస్తూ నా ముందు గదిలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కాగితం వాడే అవసరం రాలేదు, కుక్క పండగ చేసుకుని ఇంటికి వెళ్ళింది.

కుక్కను దాని ఇంట్లోనే ఉంచి మనిషిని రప్పించుకునే వాళ్ళు అపార్ట్‌మెంటు సంఘానికి ముందే ఒక ఉత్తరం ఇవ్వాలి. ఇంటికి తాళం వేసి ఉందనుకుని సెక్యూరిటీ వాళ్ళు నన్ను నలభై నిమిషాలు కింద నిలబెట్టారు ఒకసారి, పైన కుక్క అరుస్తోంది. సంఘాల వారికి నేను గుర్తుచేసేది ఒక్కటే: ఇంట్లో కుక్కను పెంచుకోవడాన్ని గాని, దాన్ని లిఫ్టులో తీసుకెళ్ళడాన్ని గాని నిషేధించే అధికారం సంఘానికి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. మెట్ల మీద కుక్క పాడుచేసినది ఎత్తి శుభ్రం చేయవలసింది మాత్రం మేమే, అందులో వాదన లేదు.

రైల్లో వెంట తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకు కూడా దారి ఉంది. ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే అయినా నలుగురి క్యాబిన్ అయినా మొత్తం మీ పేరిట దొరికితే కుక్కను మీ దగ్గరే ఉంచుకోవచ్చు, లేదంటే గార్డు, సామాన్లు ఉండే బ్రేక్ వ్యానులోని పెట్టెలో పంపాలి. బ్రేక్ వ్యాను మాట మాత్రం నేను ఎవరికీ చెప్పను, ఆ పెట్టెను ఒకసారి దగ్గర నుంచి చూశాను.

ఈ ఏడు నా దగ్గర ఇంకా ఒక చోటు ఉంది. ఫోను చేసినప్పుడు ధర కంటే ముందు దాని లోపాలు చెప్పండి, నేను మధ్యలో అడ్డుపడకుండా వింటాను. భోగికి మూడు రోజుల ముందు వరకే కొత్త కుక్కను తీసుకుంటాను, పగటిపూట మాత్రమే. టీకాల పుస్తకం, మందు చీటీ, తిండి పొట్లాలు, సంతకం పెట్టిన కాగితం తెండి. వచ్చాక గేటు దగ్గర హారను కొట్టకండి, లోపల మూడు పడుకుని ఉంటాయి. ఫోను చేస్తే నేనే బయటికి వస్తాను.

ఇట్లు,
సైనిక్‌పురి నుంచి, ఇంట్లో కుక్కలను చూసుకునే ఒక గృహిణి